చదువు తెరిచిన తలుపు
అమెరికా వలస చట్టాలూ, ఒంటరి ప్రయాణికులూ

విదేశంలో అన్నగారో మేనమామో ఉన్నవాడికి ప్రయాణం సగం తేలిక. దిగగానే ఎదురువచ్చి తీసుకువెళ్లే మనిషి ఉంటాడు. పని దొరికేదాకా తిండికీ నీడకూ లోటుండదు. అవసరమైతే కాగితాల మీద హామీ సంతకం కూడా దొరుకుతుంది. మరి ఇవేవీ లేకుండా ఒక్కడే బయలుదేరినవాడికి పరాయిదేశం తలుపు ఎలా తెరుచుకుంటుంది? అమెరికా వలస చట్టాల చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక ఆసక్తికరమైన జవాబు ఉంది. ఆ చరిత్రలో మన తెలుగు శాస్త్రజ్ఞుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం కూడా ముడిపడి ఉంది.

వీసా అక్కరలేని వలస

ఒకప్పుడు గోదావరి, విశాఖ ప్రాంతాలవారికి విదేశం అంటే రంగూన్. కాకినాడ, కోరంగి తీరాల నుంచి వేలాదిమంది బర్మాకు ఓడలెక్కేవారు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి వీసా ప్రసక్తే లేదు. మేస్త్రీ మనుషులను కూడగట్టేవాడు. ముందు వెళ్లినవాడి వెంట అదే ఊరివాళ్లు వెళ్లేవారు. అలా వెళ్లి రంగూన్‌లో బాగా సంపాదించినవారిలో మల్లాడి సత్యలింగ నాయకర్ ఒకరు. ఆయన ఆస్తితో కాకినాడలో ఏర్పడిన ధర్మసంస్థ ఎందరికో చదువు చెప్పించింది. ఆ పేరు మనకు మళ్లీ వస్తుంది.

అమెరికా దారి ఇలాంటిది కాదు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో పసిఫిక్ తీరానికి చేరిన భారతీయులలో ఎక్కువమంది పంజాబీ రైతులు, కూలీలు. రైలుమార్గాలలో, కలప మిల్లులలో, పొలాలలో తక్కువ కూలికి పనిచేశారు. స్థానిక కార్మికులలో వారిపై వ్యతిరేకత పెరిగింది. చివరకు 1917 ఫిబ్రవరి 5న, అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిరాజని, అమెరికన్ కాంగ్రెస్ కొత్త వలస చట్టం చేసింది. ఆసియాలో ఒక విశాలమైన ప్రాంతాన్ని గుర్తించి, అక్కడి ప్రజలు వలస రాకూడదని నిషేధించింది. ఇండియా మొత్తం ఆ గీత లోపలే ఉంది.

నిషేధంలో ఒక మినహాయింపు

అయితే ఆ చట్టంలోనే ఒక చిన్న జాబితా ఉంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, మతబోధకులు, వైద్యులు, ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు, న్యాయవాదులు, రచయితలు, కళాకారులు, వర్తకులు, యాత్రికులు మొదలైనవారికి ఆ నిషేధం వర్తించదు. వారి భార్యకు, 16 ఏళ్ల లోపు పిల్లలకు కూడా వర్తించదు. అన్నదమ్ములకు, మేనల్లుళ్లకు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కాలిఫోర్నియాలో పదేళ్లుగా వ్యవసాయం చేస్తున్న రైతు తన తమ్ముణ్ణి పిలిపించుకోలేడు. కానీ అక్కడ ముఖపరిచయమైనా లేని విద్యార్థి మాత్రం కాలేజీలో సీటు సంపాదించి వెళ్లవచ్చు! ఎవరూ లేనివాడికి అతని చదువే దారి చూపింది.

ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది. ఏ హోదాతో దేశంలో ప్రవేశించారో అలాంటి హోదాలోనే కొనసాగాలి. విద్యార్థిగానో, ఉపాధ్యాయుడిగానో, శాస్త్రజ్ఞుడిగానో కాక జాబితాలో లేని వృత్తిలోకి మారితే, అక్కడ ఉండటమే చట్టవిరుద్ధం. వెనక్కు పంపించవచ్చు.

సుబ్బారావు ప్రయాణం

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం ఆయన సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ, పరిశోధన కోసం అమెరికా వెళ్లాలని తపించారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధికి బలి కావడం ఆ తపనకు ఒక కారణం.

అమెరికాలో ఆయనకు చుట్టాలెవరూ లేరు. మామగారు కొంత డబ్బు సమకూర్చారు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సహాయం చేసింది. మేస్త్రీలతో, ఊరివాళ్లతో సాగిన బర్మా వలసలో కూడిన సంపద, ఒంటరిగా అమెరికా వెళ్లే విద్యార్థికి దారిఖర్చు అయిందన్నమాట! 1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చదివారు. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్నచిన్న పనులు చేసి పొట్ట పోసుకున్నారు.

రెండో తలుపు మూసుకుంది

దేశంలోకి రానివ్వడం వేరు, పౌరుడిగా ఒప్పుకోవడం వేరు. విదేశీయులలో తెల్లజాతివారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే పౌరసత్వం ఇవ్వాలన్నది అప్పటి అమెరికా చట్టం. 1913లో అమెరికా వెళ్లి, 1918లో ఆ దేశపు సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ తనకు పౌరసత్వం కావాలని కోర్టుకెక్కారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఆయన వాదనను తిరస్కరించింది. భాషాశాస్త్రజ్ఞులు, మానవశాస్త్రజ్ఞులు జాతులను ఎలా వర్గీకరించినా, సామాన్య అమెరికన్ దృష్టిలో హిందూదేశస్థుడు తెల్లవాడు కాదన్నదే ఆ తీర్పు సారాంశం. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులపై కూడా ప్రభుత్వం కేసులు పెట్టి, చాలామంది నుంచి దాన్ని రద్దు చేయించింది.

పెళ్లి ద్వారా బంధుత్వం కలుపుకున్నా లాభం లేదు. 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1931లో గాని ఈ నిబంధన తొలగలేదు.

1924లో మరో చట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేనివారు వలసదారులుగా రాకూడదని శాసించింది. మినహాయింపుల జాబితా ఇంకా కుదించుకుపోయింది. మతబోధకులు, కాలేజీ ఆచార్యులతోపాటు విద్యార్థులు మాత్రం అందులో మిగిలారు. విద్యార్థికి 15 ఏళ్లు నిండాలి. కేవలం చదువు కోసమే రావాలి. ప్రభుత్వం ఆమోదించిన విద్యాసంస్థలో చేరాలి. విద్యార్థి చదువు మానేస్తే ఆ సంస్థ ప్రభుత్వానికి తెలియజేయాలి. నేటి విద్యార్థి వీసా పద్ధతికి మూలాలు ఇక్కడ కనిపిస్తాయి.

పని కావాలి, మనిషి వద్దు

సుబ్బారావు హార్వర్డ్ ప్రయోగశాలలోనే ఉండిపోయారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన విద్యార్థులకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ పరిచితమే. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని వారు కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది కాని, హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందు సాధ్యమయ్యాయి. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అదుపు చేసి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు.

ఇంత చేసినా చట్టం దృష్టిలో ఆయన పరాయివాడే. భార్య శేషగిరి ఆంధ్రదేశంలో ఎదురుచూస్తూ ఉండిపోయింది. కొడుకు పసితనంలోనే పోయాడన్న కబురు ఆయనకు బోస్టన్‌లోనే అందింది. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు. దీనికి చట్టం ఒక్కటే కారణమని అనలేం. పరిశోధన మీద ఆయనకున్న దీక్ష అసాధారణమైనది. కాని విద్యార్థిగా వెళ్లినవాడు ఒకసారి ఇల్లు చూసి రావాలనుకుంటే, తిరిగి అడుగుపెట్టనిస్తారన్న హామీ ఆనాటి చట్టంలో లేదన్నది మరచిపోకూడదు.

దలీప్‌సింగ్ సౌంద్ కథ కూడా ఇలాంటిదే. 1920లో విద్యార్థిగా వెళ్లి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1924లో గణితంలో పిహెచ్.డి. పొందారు. అయినా చదువుకు తగిన ఉద్యోగం దొరకక ఇంపీరియల్ లోయలో సేద్యం చేశారు. పౌరసత్వానికి అర్హత లేనివారు కాలిఫోర్నియాలో భూమి కొనకూడదు కాబట్టి ఆ పొలం తన పేరున ఉండే వీల్లేదు!

100 నుంచి 20,000

భారతీయుల తరఫున అక్కడ జె.జె. సింగ్ వంటివారు సాగించిన కృషి చివరకు ఫలించింది. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ లూస్-సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. భారతీయులకు పౌరసత్వపు హక్కు వచ్చింది. వలసకు మాత్రం సంవత్సరానికి 100 మందికే అనుమతి. సౌంద్ 1949లో పౌరులై, 1956లో అమెరికన్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. సుబ్బారావు పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు.

అసలు మార్పు 1965 చట్టంతో వచ్చింది. ఒక్కో దేశానికి సంవత్సరానికి 20,000 వరకు అవకాశం ఇచ్చి, దరఖాస్తులను ప్రాధాన్య వర్గాలుగా విభజించారు. 74 శాతం బంధువులున్నవారికి, 6 శాతం శరణార్థులకు, 20 శాతం వృత్తినిపుణులకు, కొరతగా ఉన్న పనివారికి కేటాయించారు. బంధువులకు పెద్దపీట వేస్తే, అప్పటికే అక్కడ ఎక్కువగా ఉన్న ఐరోపావారి చుట్టాలే వస్తారని కొందరు శాసనకర్తల అంచనా.

ఆ అంచనా తారుమారైంది. అక్కడ చుట్టాలు లేని మన డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు వృత్తినిపుణులకు ఉద్దేశించిన మూడో ప్రాధాన్యం కింద దరఖాస్తు చేశారు. 1976 వరకు ఈ వర్గంలో ఉద్యోగం ముందే చేతిలో ఉండాలన్న నియమం కూడా లేదు. అభ్యర్థి తన దరఖాస్తు తానే పెట్టుకోవచ్చు. అలా ఒంటరిగా వెళ్లినవారే కాలక్రమంలో పౌరులై, తమ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు బంధువుల వర్గం కింద దారి చూపించారు. భారతదేశంలో పుట్టి అమెరికాలో ఉంటున్నవారి సంఖ్య 1960లో సుమారు 12,000. 1980కి అది 2 లక్షలు దాటింది.

యజమాని చేతిలో తాళంచెవి

1976 సవరణతో ఉద్యోగమిచ్చే యజమాని ముఖ్యుడయ్యాడు. 1990 చట్టం హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాకు సంవత్సరానికి 65,000 పరిమితి పెట్టింది. డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తులకే ఈ వీసా. దరఖాస్తు పెట్టేది యజమాని, సాధారణంగా గడువు 6 సంవత్సరాలు. వేలాది తెలుగు కంప్యూటర్ ఇంజనీర్లు ఈ దారినే వెళ్లారు. స్థిరనివాసంలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల, భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడవలసి వచ్చింది.

1917 నుంచి చట్టాలు ఎన్నిసార్లు మారినా ఒక విషయం మాత్రం మారలేదు. చుట్టాలు లేనివాడికి తెరుచుకున్న తలుపు చదువుదే. అయితే ఆ తలుపు ముందుగా ఆహ్వానించేది అతని పనిని. అతణ్ణి తమలో ఒకడిగా ఒప్పుకోవడం ఎప్పుడూ ఆలస్యంగానే జరిగింది. విదేశీ చదువు గురించి ఆలోచించే విద్యార్థులు అక్కడి కాలేజీ పేరుతోపాటు ఆ దేశపు చట్టాన్ని కూడా శ్రద్ధగా చదవాలి. నేను ఏ హోదాతో వెళ్తున్నాను? చదువు ముగిశాక ఆ హోదా ఏమవుతుంది? మధ్యలో ఇంటికి వచ్చి తిరిగి వెళ్లగలనా? బయలుదేరే ముందే ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. ఈనాడు వాటికి జవాబులు దొరుకుతాయి. సుబ్బారావు ఓడ ఎక్కిన రోజులలో మూడో ప్రశ్నకు హామీ ఇవ్వగలవారు ఎవరూ లేరు.