పిల్లి క్యారియర్ బ్యాగు

పెంపుడు పిల్లిని వీపున మోసుకెళ్లేందుకు తయారుచేసిన సంచి పిల్లి క్యారియర్ బ్యాగు. చుట్టూ గాలి ఆడే జాలీ, కింద వంగని అడుగు, లోపల పరుపు, పిల్లి బయటికి చూడటానికి ఒక కిటికీ ఉంటాయి. కొన్ని రకాల్లో ఆ కిటికీ ముందుకు ఉబికిన పారదర్శక ప్లాస్టిక్ బుడగలా ఉంటుంది. పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి అంతకుముందు వాడిన ప్లాస్టిక్ బుట్టలకూ పెట్టెలకూ తోడుగా ఈ బ్యాగులు 2010ల మధ్య నుంచి ప్రచారంలోకి వచ్చాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, మెట్లు ఎక్కడం తేలిక, బస్సులోనో ఆటోలోనో ఒళ్లో పెట్టుకోవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో అపార్టుమెంట్లలో పిల్లుల్ని పెంచేవారు ఆసుపత్రికీ, సాయంత్రం పూట పార్కుకూ వీటిని వాడుతున్నారు.

తెలుగు పల్లెల్లో పిల్లికీ సంచికీ ఇంకో పాత సంబంధం ఉంది. పాలగిన్నె ఖాళీ చేస్తోందనో, వంటింట్లో పిల్లలు పెట్టిందనో విసిగిపోయినప్పుడు గోనెసంచిలో వేసి మూతి కట్టి ఊరవతల వదిలిపెట్టి వచ్చేవారు. చాలాసార్లు వాళ్ల వెనకాలే అది ఇల్లు చేరేది. పిల్లి మనిషి కన్నా చోటును ఎక్కువగా అంటిపెట్టుకుంటుందన్న సంగతి ఆ ఇళ్లలో అందరికీ తెలుసు. క్యారియర్ బ్యాగు గురించి తెలుసుకోవలసిన విషయాల్లో సగం ఈ సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి.

పిల్లి, దాని చోటు

కుక్క యజమాని వెంట నడుస్తూ కొత్త వీధిని ఆనందంగా వాసన చూస్తుంది. పిల్లి అలా కాదు. అది తన ఇంటి మూలమూలకూ బుగ్గలు రుద్ది తన వాసన పూస్తుంది. ఆ వాసన ఉన్నంత మేర అది తన చోటు, నిశ్చింతగా పడుకోగల చోటు. వాసన లేని ప్రదేశంలోకి హఠాత్తుగా తెస్తే ముందు దాక్కోవడానికి సందు వెతుక్కుంటుంది. పైగా దాని చెవులు మనకన్నా చాలా సూక్ష్మమైనవి. మనిషికి 20 వేల హెర్ట్‌జ్ దాటిన ధ్వని వినపడదు. పిల్లికి 85 వేల హెర్ట్‌జ్ దాకా వినిపిస్తుంది. మనం పట్టించుకోని బ్రేకుల కీచు, లారీ హారన్ దానికి ఎంత భారమో ఊహించుకోవచ్చు.

అన్ని పిల్లులూ ఒకేలా ఉండవు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్లి కూన చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దాని ధైర్యాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. ఆ వయసులో నలుగురి చేతుల్లో పెరిగిన కూన పెద్దయ్యాక బయటి లోకాన్ని కుతూహలంతో చూడొచ్చు. గోడ సందులో భయం భయంగా పెరిగిన పిల్లికి ఆ కుతూహలం ఎప్పటికీ రాకపోవచ్చు. తల్లిదండ్రుల నుంచి వచ్చే స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది.

లండన్ వీధుల్లో జేమ్స్ బొవెన్ అనే వ్యక్తి భుజం మీద కూర్చుని తిరిగిన బాబ్ అనే పిల్లి కథ 2012లో పుస్తకంగా, 2016లో సినిమాగా వచ్చింది. 2018 డిసెంబరులో బోస్నియా, మాంటెనెగ్రోల సరిహద్దు కొండల్లో స్కాట్లాండ్ సైకిల్ యాత్రికుడు డీన్ నికల్సన్‌కు దొరికిన నాలా అనే పిల్లి ఆయన సైకిల్ ముందు సంచిలో కూర్చుని దేశాలు దాటింది. ఈ రెండు పిల్లులూ నిజంగానే బయటి లోకాన్ని ఇష్టపడ్డాయి. వాటిని ఫోనులో చూసి తమ పిల్లి కూడా అలాగే ఉంటుందనుకుని బ్యాగు కొనేవారు ఎక్కువ. బాబ్, నాలా వంటి పిల్లులు అరుదు. తమ పిల్లి ఎలాంటిదో తేల్చుకున్నాకే బ్యాగు సంగతి ఆలోచించడం మంచిది.

బ్యాగు ఎంపిక

పిల్లి లోపల నిలబడగలగాలి, ఒక చుట్టు తిరిగి పడుకోగలగాలి. ఎదిగిన మామూలు పిల్లి నాలుగైదు కిలోలు ఉంటుంది, బ్యాగు బరువు దానికి అదనం. మెయిన్ కూన్ వంటి పెద్ద జాతి పిల్లులు ఎనిమిది కిలోలు కూడా తూగుతాయి. వాటికి మామూలు బ్యాగు చాలదు, మోసేవారి నడుముకూ మంచిది కాదు. నడుము దగ్గర, ఛాతీ దగ్గర బిగించుకునే పట్టీలు ఉన్న బ్యాగు అయితే బరువు భుజాల మీద ఊగదు.

అడుగు మెత్తగా కుంగిపోతే పిల్లి నాలుగు కాళ్లూ ఒకచోటికి జారిపోయి, ప్రయాణం పొడుగునా నిలదొక్కుకోవడానికే తంటాలు పడుతుంది. దుకాణంలోనే అరచేత్తో అడుగును నొక్కి చూడాలి. జిప్పులనూ దగ్గరగా చూడాలి. జిప్పు చివర వేలెడు సందు మిగిలితే చాలు, పిల్లి అక్కడ ముక్కు పెట్టి తోస్తుంది, తర్వాత పంజా దూరుస్తుంది, నిమిషంలో తల బయట పెడుతుంది. రెండు జిప్పు కొసలూ కలిపి కొక్కెంతో బిగించే ఏర్పాటు ఉన్న బ్యాగే కొనాలి. లోపల చిన్న పట్టీ, దాని చివర క్లిప్పు ఉంటాయి. ఆ క్లిప్పును పిల్లి ఒంటికి తొడిగిన హార్నెస్‌కు తగిలించాలి. మెడ పట్టీకి తగిలిస్తే, పిల్లి దూకినప్పుడు మెడ బిగిసే ప్రమాదం ఉంది.

ప్లాస్టిక్ బుడగ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నాలుగు వైపులా వెలుతురే పడితే పిల్లికి దాక్కునే చోటుండదు. వీధిలో పిల్లలు దగ్గరికొచ్చి వేలితో బుడగ మీద టక్ టక్‌మని కొడతారు. లోపల ఆ చప్పుడు మార్మోగుతుంది. ఒక పక్క జాలీ, మరో పక్క పూర్తిగా మూసుకునే గుడ్డ ఉన్న బ్యాగును పిల్లులు త్వరగా ఒప్పుకుంటాయి. చూడాలనిపిస్తే చూస్తాయి, వద్దనిపిస్తే వెనక్కి తిరిగి పడుకుంటాయి.

అలవాటు చేయడం

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని సామెత. అలా తిప్పేటప్పుడు తల్లి నోటితో మెడ వెనక చర్మం పట్టుకోగానే కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా వేలాడుతుంది. ఎదిగిన పిల్లిని మనం అలా మెడ పట్టుకుని ఎత్తి బ్యాగులో వేస్తే దానికి మిగిలేవి నొప్పి, భయం. పిల్లుల వైద్యానికి సంబంధించిన అమెరికా, అంతర్జాతీయ సంఘాలు 2022లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ పద్ధతి వద్దంటాయి.

బ్యాగు తెచ్చిన రోజునే పిల్లిని లోపల పెట్టకూడదు. హాల్లో నేల మీద, అన్ని జిప్పులూ తెరిచి, అది రోజూ పడుకునే పాత దుప్పటి ముక్క లోపల పరిచి వదిలెయ్యాలి. వచ్చి వాసన చూస్తుంది, అంచుకు బుగ్గ రుద్దుతుంది, పోతుంది. తర్వాత ట్రీట్లు, అన్నం గిన్నె బ్యాగు గుమ్మం దగ్గర, ఆ పైన లోపలి అడుగున పెట్టాలి. తనంతట తాను లోపల కునుకు తీసిన నాటి నుంచి మిగతాది తేలిక. ఒక జిప్పు వేసి వెంటనే తీయడం, రెండూ వేసి బ్యాగు నేల మీద నుంచి బెత్తెడు ఎత్తి దించడం, వీపుకు తగిలించుకుని హాల్లోంచి వంటింటికి నడవడం, తలుపు తీసి మెట్ల దాకా వెళ్లి రావడం, ఇలా మెల్లగా ముందుకు పోవాలి. ఏ దశలోనైనా పిల్లి బిగుసుకుపోతే ఒక దశ వెనక్కి రావాలి. కొన్ని పిల్లులకు ఇది వారంలో అయిపోతుంది, కొన్నిటికి నెలలు పడుతుంది. మనకు ఎంత తొందర ఉన్నా పిల్లికి ఉండదు.

ఈ శ్రమ వృథా పోదని తెలిపే పరిశోధన ఉంది. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 22 పిల్లులతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. క్యారియర్‌కు ముందుగా అలవాటు పడిన పిల్లులు కారు ప్రయాణంలో తక్కువ ఒత్తిడికి లోనయ్యాయి, డాక్టరు పరీక్ష కూడా త్వరగా ముగిసింది. పిల్లి బుగ్గల వాసనను అనుకరించే ఫెరోమోన్ స్ప్రే కొన్ని పిల్లులకు ఉపయోగపడుతుంది. దాన్ని పిల్లి ఎక్కడానికి పావుగంట ముందే బ్యాగులో చల్లి ఆరనివ్వాలి. బాగా బెదిరే పిల్లికి డాక్టరు ప్రయాణానికి ముందు మందు రాయవచ్చు. మనిషి మందులు సొంతంగా ఇవ్వడం ప్రాణాపాయం. ఒక్క పారాసిటమాల్ బిళ్ల కూడా పిల్లిని చంపగలదు.

భయం గుర్తులు

బ్యాగులో కదలకుండా కూర్చున్న పిల్లిని చూసి ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోతారు. మురిసిపోయే ముందు దాని ముఖం చూడాలి. చెవులు పక్కలకు వాలి ఉన్నాయా, పగటి వెలుగులో కూడా కంటిపాప పెద్ద నల్ల గుండ్రంలా ఉందా, తోక ఒంటికి చుట్టుకుని పాదాలన్నీ పొట్ట కిందికి దాచిందా? అయితే అది భయంతో బిగుసుకుపోయింది. అరిచే పిల్లి కన్నా ఈ మౌనపు పిల్లిని గమనించడం కష్టం, అందుకే ఎక్కువగా బాధపడేది అదే. పిల్లికి చెమట పట్టేది ప్రధానంగా పాదాల మెత్తల్లో. ఆసుపత్రిలో స్టీలు బల్ల మీద దాన్ని దించినప్పుడు నాలుగు చిన్న తడి ముద్రలు పడితే, దారంతా అది ఎంత కంగారు పడిందో అవే చెబుతాయి. కుదురుగా ఉన్న పిల్లి చెవులు అటూ ఇటూ తిప్పుతుంది, చుట్టూ చూస్తుంది, రెప్పలు నిదానంగా వాలుస్తుంది, ఇచ్చిన ట్రీట్ తింటుంది. బయట ట్రీట్ ముట్టని పిల్లిని ఇంటికి తీసుకురావడమే మేలు.

జొల్లు, వాంతి ప్రయాణం పడకపోవడం వల్ల కూడా వస్తాయి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు ఆహారం పెట్టకపోతే ఈ బాధ తగ్గుతుంది. నీళ్లు మాత్రం ఆపకూడదు.

ఎండ

తెలుగు రాష్ట్రాల్లో ఈ బ్యాగు వల్ల వచ్చే పెద్ద ప్రమాదం ఎండే. పిల్లి ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 40 దాటితే చూస్తూ ఊరుకోకూడదు. బయట 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఎండ తగిలే ప్లాస్టిక్ బుడగ లోపల గాలి ఇంకా వేడెక్కుతుంది. పిల్లి ఊపిరి ఆవిరి బుడగ లోపలి గోడకు మంచులా పట్టిందంటే గాలి ఆడటం లేదని అర్థం. కుక్క రొప్పడం సహజమే గాని పిల్లి నోరు తెరిచి రొప్పితే అది అపాయ సూచన. వెంటనే నీడకు చేర్చి, చల్లని (ఐసు కాని) నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

హైదరాబాద్‌లో ఎక్కువగా కనిపించే పర్షియన్ పిల్లులకు ముఖం చప్పిడిగా, ఊపిరి దారి ఇరుకుగా ఉంటుంది, పైన దట్టమైన బొచ్చు. మార్చి నుంచి జూన్ దాకా వాటిని సరదా కోసం బయటికి తీసుకెళ్లకపోవడమే ధర్మం. మిగతా పిల్లుల్ని కూడా తెల్లవారుజామునో, పొద్దు గూకాకో తీసుకెళ్లాలి. ఆగివున్న కారులో పిల్లిని ఏ కాలంలోనూ వదలకూడదు.

రోడ్డు మీద

మన ఊళ్లలో పిల్లి ప్రయాణం ఎక్కువగా స్కూటరు మీదే. బండి నడిపేవారు బ్యాగును వీపున తగిలించుకుంటే, పడినప్పుడు వారి ఒళ్లంతా పిల్లి మీద పడుతుంది. వెనక ఇంకొకరు కూర్చుని బ్యాగును ఒళ్లో హత్తుకుని పట్టుకోవడం కాస్త నయం, ఆటో ఇంకా నయం. కారులోనైతే బ్యాగును వెనక సీటు ముందు నేల మీద కదలకుండా ఇరికించాలి. అమెరికాలోని సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ కారు ప్రమాదాలను అనుకరించి క్యారియర్లను పరీక్షిస్తుంది. మార్కెట్లో దొరికే చాలా బ్యాగులు అలాంటి పరీక్ష దాటినవి కావు.

టీకాలు పడని పిల్లిని బయటికి తేకూడదు. రేబిస్ టీకా, పాన్‌ల్యూకోపీనియా అనే వ్యాధితో పాటు జలుబు తెచ్చే రెండు వైరస్‌ల నుంచి కాపాడే ట్రైక్యాట్ టీకా ముఖ్యమైనవి. వీధికుక్కలు ఉన్న చోట బ్యాగును నేల మీద పెట్టకూడదు, జిప్పు తీయకూడదు. హార్నెస్ తొడిగి లీష్ పట్టుకున్నా సరే, బెదిరిన పిల్లి వెనక్కి జరుగుతూ హార్నెస్‌లోంచి జారిపోగలదు. చర్మం కింద పెట్టించే 15 అంకెల మైక్రోచిప్పు, మెడ పట్టీ మీద రాసిన ఫోను నంబరు అటువంటప్పుడు పనికొస్తాయి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, అనవసరమైన బాధ కలిగేలా జంతువును మోసుకెళ్లడం, కదలడానికి వీలులేనంత ఇరుకైన పెట్టెలో ఉంచడం నేరాలు. బ్యాగులో పెట్టిన పిల్లికి కూడా ఇవి వర్తిస్తాయి.

రైళ్లకూ విమానాలకూ సొంత నియమాలుంటాయి. న్యూయార్క్ సబ్‌వేలో పెంపుడు జంతువు సంచిలోనో పెట్టెలోనో ఉంటేనే రానిస్తారు. జపాన్‌లో జేఆర్ రైళ్లు పెట్టెతో కలిపి 10 కిలోల లోపు బరువుండే చిన్న జంతువులను చిన్న రుసుముతో అనుమతిస్తాయి. మన దేశంలో ఎయిర్ ఇండియాతో పాటు 2022 నవంబరు నుంచి ఆకాశ ఎయిర్ కూడా షరతులతో పిల్లుల్ని విమానం క్యాబిన్‌లో యజమాని వెంట రానిస్తోంది. సీటు కింద పట్టే మెత్తటి బ్యాగు కావాలి కాబట్టి బుడగ బ్యాగులు ఇందుకు పనికిరావు. బరువు, కొలతల నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

ఆపద వేళ

2011 భూకంపం, సునామీల తర్వాత జపాన్ పర్యావరణ శాఖ విపత్తుల్లో పెంపుడు జంతువులను వెంట తీసుకుని ఖాళీ చేయాలని 2013లో మార్గదర్శకాలిచ్చింది. క్యారియర్‌కు ముందే అలవాటు చేయాలన్నది అందులో ముఖ్యమైన సలహా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు జనం పడవల్లో బయటపడాల్సి వచ్చింది. నడుము లోతు నీళ్లలో బెదిరిన పిల్లిని చంకలో పట్టుకుని పడవ ఎక్కడం ఎవరి వల్లా కాదు. బ్యాగును చూడగానే తనంతట లోపలికి వెళ్లి కూర్చునే పిల్లి అయితే మనిషికి రెండు చేతులూ మిగులుతాయి. షికార్లు ఇష్టపడని పిల్లికైనా బ్యాగు అలవాటు చేయాల్సింది ఇందుకే. పార్కుకు తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు గాని, ఆపదలో బ్యాగు ఎక్కని పిల్లిని వదిలేసి రావాల్సి వస్తే ఆ బాధ తీరదు.

ఇంటికి వచ్చాక

ఇంట్లో రెండో పిల్లి ఉంటే, బయట నుంచి వచ్చినదాన్ని చూసి అది బుసకొట్టవచ్చు, మీదకు దూకవచ్చు. ఆసుపత్రి మందుల వాసన, వీధి వాసన అంటుకోవడం వల్ల తోటి పిల్లిని పోల్చుకోలేకపోతుంది. వచ్చిన పిల్లిని కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, ఇంట్లోని పిల్లి పడుకునే గుడ్డతో మెల్లగా ఒళ్లు తుడిచి, ఆ తర్వాత రెండింటికీ ఒకేసారి, కాస్త దూరంగా అన్నం పెట్టాలి. బ్యాగులోని దుప్పటిని అది మలమూత్రాలతో పాడైతే తప్ప ప్రతిసారీ ఉతకనక్కర్లేదు. సబ్బు వాసన పిల్లి వాసనను చెరిపేస్తే మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయాల్సి రావచ్చు. బ్యాగును అటక మీద పెట్టెయ్యకుండా హాల్లో ఒక మూల తెరిచి ఉంచితే, వద్దన్నా దాన్నే పడకగా చేసుకునే పిల్లులు చాలా ఉన్నాయి.