బ్యాటరీ లేని ముల్లు

మా నాన్నగారి స్టూడియో విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఉండేది. లోపల తీసే ఫొటోలకి లైట్‌మీటరు అక్కర్లేదు. బల్బులు, కుర్చీ ఎప్పుడూ ఒకేచోట, అపెర్చరూ అదే. బయటికెళ్తే, ఎండకెంత మబ్బుకెంత అన్నది ఫిల్ము డబ్బాలోని కాగితం మీదే ఉండేది. ఆ లెక్క పాతవాళ్లకి నోటికొచ్చు. మీటరు కొనడం షోకు కింద జమ.

నాన్నగారి షోకు వెస్టన్ మాస్టర్ టూ మీటరు. (దీని పేరులోని ఎడ్వర్డ్ వెస్టన్ ఫొటోగ్రాఫర్ కాదు, ఇంగ్లండులో పుట్టి అమెరికాలో కొలత పరికరాలు చేసినాయన.) ఆయన కంపెనీ 1932లోనే సెలీనియం మీటరు తెచ్చింది. లోహపు పలక మీద సెలీనియం పూత, ఆపైన వెలుతురు దూరేంత పల్చటి ఇంకో పొర. వెలుతురు తగిలితే రవ్వంత కరెంటు పుట్టి ముల్లు కదులుతుంది. బ్యాటరీ లేదు. డయలు మీద ఫిల్ము వేగం చెప్పే ఏఎస్‌ఏ కూడా ఉండదు, వెస్టన్ సొంత అంకెలే. 100 ఏఎస్‌ఏ ఫిల్ముకి 80 దగ్గర పెట్టాలి.

దానికి అసలు పని సిరిమానోత్సవం నాడు. దసరా వెళ్లిన మంగళవారం, మధ్యాహ్నం దాటాక, పైకెత్తిన పొడవాటి సిరిమాను చివర పూజారిగారు, వెనక అంతా ఆకాశమే. మీటరు పైకెత్తితే అది ఆకాశాన్నే కొలుస్తుంది, పూజారిగారు నల్లటి బొమ్మై మిగులుతారు. నాన్నగారు అదే ఎండలో తన అరచెయ్యి చాచి, దాన్ని కొలిచి, ఒక స్టాపు ఎక్కువ ఇచ్చేవారు. "ఏటి బాబూ, సేతిలో అది గడియారమా?" అని పక్కవాళ్ల ఆరా.

వెలుతురు తగిలి తగిలి సెలీనియం అరిగిపోతుందంటారు చాలామంది. నేను నమ్మను. మా వైపు దాన్ని చంపేది తేమ. అంచుల్లోంచి చొరబడి కాంటాక్టుల్ని తుప్పు పట్టిస్తుంది. బారువ, కళింగపట్నం గాలిలో ఉప్పు సరే, అక్టోబరు వస్తే తుపాన్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. హుద్‌హుద్ తర్వాత మా బీరువాలో తోలు కేసుకి బూజు పట్టింది. తోలు తేమని పట్టి ఉంచుతుంది. అప్పట్నుంచి కేసు విడిగా, మీటరు బిగుతు మూత స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే, వంటకి వాడని మూకుట్లో సన్న సెగ మీద వేడిచేస్తాను. సెల్‌ని పూర్తిగా కప్పితే ముల్లు సున్నా మీదికి రావాలి. రాకపోతే సరిచేసే చిన్న మర ఉంది.

తర్వాత కొన్న జర్మన్ లూనాసిక్స్ మీటరు మసక వెలుతురులో వెస్టన్‌ని ఓడించేది. కానీ దానికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు కావాలి. పాదరసం మీద 2013లో మినమాటా ఒప్పందం వచ్చింది, అవి బజార్లో లేవు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. వినికిడి యంత్రాల జింక్-ఎయిర్ బిళ్లలు దాదాపు సరిపోతాయిగానీ త్వరగా అయిపోతాయి.

వెస్టన్ ఇప్పుడు మూడోవంతు స్టాపు తక్కువ చూపిస్తోంది. ఎండలోనూ నీడలోనూ అంతే, కాబట్టి 80 బదులు 100 దగ్గర పెడుతున్నాను. నీడలో ఇంకా ఎక్కువ తప్పితే దిద్దడానికి వీలుండేది కాదు. నెగిటివ్‌కి ఆమాత్రం తేడా పట్టదు. స్లైడుకైతే పడుతుంది, అది ఈ ఊళ్లో దొరికితే కదా!