బతికుండగా ఇవ్వలేని రెండెకరాలు

దస్తావేజు లేఖరి రేకుల షెడ్డులో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మీ దాకా రావడం లేదు. మార్చి నెల. పొదిలి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. రోడ్డు మీద పొగాకు బేళ్ల ట్రాక్టరు వేలం కేంద్రం వైపు నింపాదిగా పోతోంది. దాని వెనక ఇరుక్కున్న ఆర్టీసీ బస్సు హారన్ ఆపడం లేదు. మీ బాబాయి తువ్వాలుతో మెడ తుడుచుకుని, సంచిలోంచి పాస్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈ రెండెకరాలూ మా అన్న కొడుకు పేర రాయాలయ్యా. గిఫ్టు డీడు.”

లేఖరి మీ బూట్ల వంక చూశాడు. “పాస్‌పోర్టు ఎక్కడిది సార్?”

బ్రిటన్‌ది. మీరు దానితో పాటు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు కూడా తీసి ఇచ్చారు. 2006 జనవరిలో హైదరాబాదు ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ మొదటిసారి అందించిన రకం కార్డు ఇది. ఉన్నంతకాలం వీసా అక్కర్లేదు. ఒంగోల్లో ఫ్లాటు కొనుక్కోవచ్చు.

“పొలం మాత్రం కొనకూడదు, గిఫ్టుగానూ పుచ్చుకోకూడదు. ఫెమా, అదే విదేశీ మారకద్రవ్యం చట్టం, రూలు,” అన్నాడు లేఖరి.

“పక్క మూడెకరాలు వీడి పేరే ఉంది గదా!”

“అది మీ పెద్దన్నగారు పోయాక వీలునామా మీద వచ్చింది. వారసత్వానికి అడ్డు లేదు.”

బాబాయి కాసేపు లెక్కేసుకున్నాడు. “అంటే బతికుండగా ఇవ్వకూడదు, చస్తే ఇవ్వొచ్చు.”

“అంతే బాబాయ్‌గారూ.”

మీరు ఫైలు తిరగేస్తున్నారు. మీ నాన్నగారి పాత పాస్‌పోర్టు జిరాక్సులో పొదిలి నెల్లూరు జిల్లాలో ఉంది. ప్రకాశం జిల్లా 1970లో గదా ఏర్పడింది. ఆయన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1961లో ఓడెక్కారు. 1948 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం స్వతంత్ర భారత పౌరుడు కూడా కామన్వెల్తు పౌరుడే. అప్పట్లో వీసా లేకుండా దిగి, పని చూసుకుని, అక్కడే ఉండిపోవచ్చు. పాస్‌పోర్టు సంపాదించడమే కష్టం, అదీ మన సర్కారు దగ్గర. 1962 జులై 1 నుంచి బ్రిటన్ ఆ తలుపు దగ్గరకు వేసింది. 1971 చట్టంతో నివాస హక్కు తమ పౌరుల్లోనూ అక్కడి మూలాలున్నవాళ్లకే పరిమితం చేసింది. ఆయన మాత్రం ముందే లోపలున్నారు. తర్వాత అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తీసుకున్న క్షణాన, మన 1955 చట్టం తొమ్మిదో సెక్షను కింద, ఇక్కడిది పోయింది. రెండూ ఉంచుకునే వీలు ఇండియాలో లేదు.

లేఖరికి మీ మీద జాలేమీ లేదు. “మా తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. ఇండియా పాస్‌పోర్టే, వాడికీ పొలం కొనే వీల్లేదు. కాకపోతే మూటాముల్లే సర్దుకుని వచ్చేస్తే కొనుక్కుంటాడు. ఓటైతే అక్కడుంటూనే పేరు నమోదు చేయించుకుని, ఎన్నికలకు వచ్చి వేయొచ్చు.”

ఓటు మాట రాగానే బాబాయికి మనవడు గుర్తొచ్చాడు. స్టూడెంటు వీసా మీద లెస్టర్ వెళ్లి ఏడాది కాలేదు, అప్పుడే కౌన్సిలు ఎన్నికల్లో ఓటేశాడట. నిజమే, కామన్వెల్తు పౌరులకు బ్రిటన్ ఇప్పటికీ ఆ హక్కు ఇస్తోంది. పొదిలి పాస్‌పోర్టుతో లెస్టర్‌లో ఓటుంది. లెస్టర్ పాస్‌పోర్టుతో వచ్చిన మీకు పొదిలిలో లేదు. వలస పాలన వదిలిపోయిన లెక్కల్లో ఇంత వంకర లెక్క ఇంకోటి దొరకదేమో. పొలం రూలును మాత్రం అంత తేలిగ్గా తిట్టలేం. పౌండ్లు పట్టుకొచ్చి ఎకరాలు ఎత్తుకుపోతుంటే ఇక్కడి కౌలురైతు ఎటు పోవాలి?

“సరే, వీలునామాయే రాయి,” అన్నాడు బాబాయి. “సాక్షులు ఇద్దరు చాలా?”

“చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.” లేఖరి మీ వైపు తిరిగాడు. “మీ మూడెకరాలు ఎప్పుడన్నా అమ్మాలంటే ఇక్కడే ఉండే మనదేశం వాళ్లకే అమ్మాలి సార్.”

“నాకే అమ్మరా అయితే,” అన్నాడు బాబాయి. “ధర మాత్రం పొదిలి ధరే.”