ఇ.పి.ఎ.బి.ఎక్స్. (కార్యాలయ టెలిఫోన్ ఎక్స్ఛేంజి)

ఇ.పి.ఎ.బి.ఎక్స్. అనునది ఒక కార్యాలయము, ఆసుపత్రి లేదా హోటలులోని ఫోన్లను ఒకదానితో ఒకటి కలుపుతూ, కొద్దిపాటి బయటి లైన్లను అందరూ పంచుకొనునట్లు చేసే ఎక్స్ఛేంజి. ఇందులోని ఒక్కొక్క ఫోనును ఎక్స్‌టెన్షన్ అంటారు. ఏ కాల్ ఏ లైనుపై పోవలెనో, దాని ఖర్చు ఎవరి పద్దులో వ్రాయవలెనో ముందుగా ఇందులో అమర్చవలసి ఉంటుంది.

కాల్ మార్గ నిర్ణయం

బయటి లైను కొరకు సాధారణంగా మొదట 0 లేదా 9 నొక్కుతారు. తరువాతి అంకెలను బట్టి ఎక్స్ఛేంజి మార్గాన్ని ఎన్నుకొంటుంది. ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఎస్.టి.డి. అనుమతి ఉన్నదో కూడా ఈ దశలోనే పరిశీలిస్తుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ కోడ్లు

కరీంనగర్ కోడ్ 0878, ఆదిలాబాద్ 08732, నిర్మల్ 08734, మంచిర్యాల 08736, జగిత్యాల 08724, పెద్దపల్లి 08728. కోడ్ ముందున్న 0 తీసివేస్తే, కోడ్, స్థానిక సంఖ్య కలిపి పది అంకెలు ఉంటాయి. అందువలన కరీంనగర్‌లో స్థానిక సంఖ్యకు ఏడు అంకెలు, ఆదిలాబాద్‌లో ఆరు అంకెలు. కోడ్ల సరిహద్దులు జిల్లాల సరిహద్దులు కావు. ఉమ్మడి జిల్లాగా ఉన్న కాలంలోనూ ఆదిలాబాద్ నుండి మంచిర్యాలకు కోడ్ అవసరమయ్యేది. 2016 అక్టోబరు 11న జిల్లాలు పునర్వ్యవస్థీకరించబడినా ఈ కోడ్లు మారలేదు.

2021 మార్పు

2021 జనవరి 15 నుండి స్థిర ఫోను ద్వారా ఏ మొబైల్‌కు చేసినా ముందు 0 చేర్చుట తప్పనిసరి అయినది. ఎస్.టి.డి.ని ఆపుటకు "0తో మొదలయ్యేవన్నీ నిరోధించు" అను పాత నియమాన్ని అట్లే ఉంచితే మొబైల్ కాల్స్ కూడా ఆగిపోతాయి. మొబైల్ సంఖ్యలు 6, 7, 8, 9 అంకెలలో ఒకదానితో మొదలవుతాయి. ఈ ప్రాంతపు కోడ్లలోనూ 0 తరువాత 8 వస్తుంది కనుక ఆ ఒక్క అంకెను చూచి మొబైల్ అని నిర్ణయించరాదు. మరికొన్ని అంకెలను పరిశీలించునట్లు అమర్చవలెను.

బిల్లింగు కోడ్లు

టెలిఫోన్ సంస్థ బిల్లు లైనువారీగా వస్తుంది. ఏ విభాగం మాట్లాడినదో అందులో తెలియదు. అందుకై ఒక్కొక్క విభాగానికి లేదా ఉద్యోగికి ఒక కోడ్ ఇస్తారు. దానిని నొక్కిన పిదప చేసిన కాల్ సంఖ్య, సమయం, నిడివి ఆ కోడ్ క్రింద నమోదవుతాయి. అనేకులు ఒకే కోడ్ వాడితే ఒకరి ఖర్చు మరొకరిపై పడుతుంది. ఉద్యోగి వెళ్ళిపోయినప్పుడు కోడ్‌ను రద్దు చేయవలెను. అవతలివారు ఫోను ఎత్తిన సంకేతం అందని లైన్లలో ఎక్స్ఛేంజి లెక్కకు, సంస్థ బిల్లుకు కొంత తేడా ఉండవచ్చును. 2006 మార్చి 1న బి.ఎస్.ఎన్.ఎల్. ప్రవేశపెట్టిన వన్ ఇండియా పథకంలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి ధర నిర్ణయించడంతో దూరాన్ని బట్టి వేసే లెక్కలకు ప్రాధాన్యం తగ్గినది.

అత్యవసర సంఖ్యలు

108, 112 సంఖ్యలు లాక్ చేసిన ఎక్స్‌టెన్షన్ల నుండి కూడా, కోడ్ అడగకుండా, ముందు 0 లేదా 9 నొక్కినా నొక్కకున్నా కలియవలెను. 2013లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక హోటలు గదిలో తల్లిపై దాడి జరుగుతుండగా, తొమ్మిదేళ్ళ బాలిక నాలుగుసార్లు 911 నొక్కినది. ముందు 9 నొక్కవలెనని ఆమెకు తెలియకపోవుటచే కాల్ కలియలేదు, తల్లి మరణించినది. ఫలితంగా 2018లో అక్కడ కారీ చట్టం వచ్చినది. కావున కొత్త నియమం అమర్చిన ప్రతిసారి ఈ సంఖ్యల మార్గాన్ని పరీక్షించుట అవసరం.