నాపా ద్రాక్షతోటల వెనక నలుగురు ఆడవాళ్ళు

నాపా అనగానే మన ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళ మొదటి మాట, "అక్కడ మనకేం పని?" నిజమే, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న నాపా, సొనోమా లోయలకి పేరొచ్చింది వైన్‌తోనే. వాటిని కలిపి వైన్ కంట్రీ అంటారు. కానీ ద్రాక్షతోటలు పరుచుకున్నది లోయ అడుగునే. వాటికి రెండు పక్కలా ఉన్న కొండల మీద ఎన్నో స్టేట్ పార్కులున్నాయి. నడవడానికి దారులు, కొన్నిట్లో గుడారం వేసుకోవడానికి చోటు, పిల్లలు కాళ్ళు తడుపుకోవడానికి వాగులు ఉన్నాయి. వైన్ చుక్క ముట్టకుండా అక్కడ హాయిగా మూడు రోజులు గడిపి రావచ్చు. బే ఏరియాలో ఉంటున్న మాలాంటి తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో చేసేది అదే.

అక్కడ నడిచినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. పిండిమర పేరు బేల్, వైనరీ పేరు క్రుగ్, కొండ మీది పార్కు పేరు స్టీవెన్సన్, పక్క లోయలో పార్కు పేరు జాక్ లండన్. అన్నీ మగవాళ్ళ పేర్లే. ఒక్కో చోటి చరిత్ర చదువుతూ పోతే మాత్రం ప్రతి పేరు వెనకా ఒక ఆడమనిషి భూమో, కష్టమో, పట్టుదలో కనిపిస్తుంది. అలాంటి నలుగురి గురించి చెప్తాను. అటు వెళ్ళినప్పుడు మీరూ మీ పిల్లలకి చెప్పండి.

ముందు బోతీ-నాపా వ్యాలీ స్టేట్ పార్కు. సెయింట్ హెలీనా, కాలిస్టోగా ఊళ్ళ మధ్య 29వ నంబరు హైవే పక్కనే ఉంటుంది. ఆ లోయలో క్యాంపింగ్‌కి నాకు బాగా నచ్చిన చోటు అదే. రిచీ క్రీక్ అనే వాగు, దాని ఒడ్డున ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్లు. గుడారం వేసుకోలేనివాళ్ళకి గుండ్రటి యర్ట్‌లు, చిన్న క్యాబిన్లు కూడా అద్దెకిస్తారు. అక్కణ్ణుంచి హిస్టరీ ట్రయల్ అనే కాలిబాట పట్టుకుని, తొలినాటి వలసదారుల శ్మశానం పక్కనుంచి మైలు పైచిలుకు నడిస్తే బేల్ గ్రిస్ట్ మిల్ వస్తుంది. అది నీటితో తిరిగే పిండిమర. దాని చక్రం ఎత్తు 36 అడుగులు! మన తిరగలిలాగే రాయి మీద రాయి, తిప్పేది మాత్రం నీళ్ళు.

ఈ లోయ మొదట వాప్పో తెగవారిది. తర్వాత మెక్సికో ఏలుబడిలో ఇక్కడి నేలని పెద్ద పెద్ద జాగీర్లుగా పంచారు. ఎడ్వర్డ్ బేల్ అనే ఇంగ్లీషు వైద్యుడు మాంటెరీ రేవులో దిగి, 1839లో మరియా ఇగ్నాసియా సొబెరానెస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ జనరల్ వల్లేహో మేనకోడలు. ఆ రోజుల్లో ఉత్తర కాలిఫోర్నియాలో వల్లేహో మాటకి తిరుగు లేదు. పెళ్ళయిన రెండేళ్ళకి, 1841లో, బేల్‌కి ఈ లోయలో వేల ఎకరాల జాగీరు దక్కింది. 1846లో మర కట్టించాడు. తర్వాత బంగారం వేటలో గనులకి పోయి, జబ్బు తెచ్చుకుని 1849లో చనిపోయాడు.

మరియాకి మిగిలింది చిన్న పిల్లలు, అప్పులు, ఒక పిండిమర. అప్పటికి ఏడాది ముందే, 1848లో, కాలిఫోర్నియా మెక్సికో చేతిలోంచి అమెరికా చేతికి వెళ్ళింది. 1851లో కొత్త చట్టం వచ్చింది. మెక్సికో కాలం నాటి పట్టాలున్నవాళ్ళంతా తమ భూమి తమదేనని మళ్ళీ రుజువు చేసుకోవాలి. కోర్టులూ, వకీళ్ళూ, ఇంగ్లీషు కాగితాలూ. ఆ ఖర్చు తట్టుకోలేక మగదిక్కున్న కుటుంబాలే ఎన్నో భూములు పోగొట్టుకున్నాయి. అలాంటి రోజుల్లో మరియా మర నిలబెట్టింది, అప్పులు సర్దుకొచ్చింది, పిల్లలకి ఆస్తి మిగిల్చింది. రైతులు ధాన్యం తెచ్చి విసిరించుకుని, అందులో కొంత భాగం మర కూలి కింద వదిలి వెళ్ళేవారట. ఒక్కో బస్తా దగ్గర ఆవిడ ఎంత లెక్క చూసుకుని ఉంటుందో ఇల్లు నడిపే మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆవిడకి ఒక సంగతి కలిసొచ్చింది. స్పెయిన్, మెక్సికో చట్టాల్లో పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండవచ్చు. ఇంగ్లీషు సంప్రదాయంలో పెళ్ళవగానే అది మొగుడి చేతికి పోయేది. 1849లో కాలిఫోర్నియా రాజ్యాంగం రాసుకున్నప్పుడు పాత పద్ధతినే నిలిపి, భార్య సొంత ఆస్తి భార్యదేనని రాసుకుంది.

రెండో ఆవిడ మరియా కూతురే, పేరు కరోలినా. 1860లో చార్లెస్ క్రుగ్ అనే జర్మన్ యువకుడితో ఆమె పెళ్ళయింది. కట్నం కింద 540 ఎకరాలు తెచ్చుకుంది. మరుసటి ఏడే, 1861లో, ఆ భూమిలోనే క్రుగ్ వైనరీ మొదలైంది. నాపా లోయలో వ్యాపారం కోసం పెట్టిన తొలి వైనరీ అదేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. బోర్డు మీద పేరు అల్లుడిది. నేల పిల్లదీ, పిల్ల తల్లిదీ.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పసుపు కుంకుమ కింద ఆవిడకి వచ్చిన రెండెకరాల్ని ఊళ్ళో అందరూ "తాతగారి చేను" అనే అంటారు. ఎవరూ కావాలని మార్చిన పేరు కాదు. నోటికి అలా అలవాటైపోయింది, అంతే.

మూడో ఆవిడ కోసం కొండెక్కాలి. కాలిస్టోగా దాటి అదే 29వ నంబరు దారిలో మలుపులు తిరుగుతూ పైకి పోతే రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ స్టేట్ పార్కు వస్తుంది. ఇక్కడ క్యాంపింగ్ లేదు, పగటి నడకే. మౌంట్ సెయింట్ హెలీనా శిఖరం ఎత్తు 4,300 అడుగుల పైనే, పైదాకా నడక సుమారు 5 మైళ్ళు. అంత ఓపిక లేనివాళ్ళు ఒక మైలు ఎక్కితే చాలు. చెట్ల మధ్య తెరిచిన పుస్తకం ఆకారంలో చెక్కిన రాయి కనిపిస్తుంది.

'ట్రెజర్ ఐలండ్' రాసిన స్టీవెన్సన్ 1880 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫానీ ఓస్బర్న్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అతనికి 29 ఏళ్ళు, ఆమెకి 40. ఆమెది రెండో పెళ్ళి. నాలుగేళ్ళ ముందు పారిస్‌లో చిన్న కొడుకుని క్షయకి పోగొట్టుకున్న తల్లి. ఇప్పుడు చేసుకున్నవాడూ ఊపిరితిత్తుల రోగే. కొండగాలి మంచిదన్నారు, హోటల్లో ఉండడానికి డబ్బు లేదు. అందుకని ఈ కొండ మీద పాడుబడిన సిల్వరాడో వెండి గని పక్కన, పనివాళ్ళు వదిలేసి పోయిన చెక్క కొట్టంలో ఆ వేసవి కాపురం పెట్టారు. తలుపుల్లేవు, కిటికీల్లేవు. పలకల సందుల్లోంచి పాయిజన్ ఓక్ మొలిచింది. చుట్టూ గిలకపాములు. చట్రాలకి తెల్లగుడ్డ బిగించి వాటినే తలుపులు, కిటికీలు చేసుకున్నారు, గడ్డి పరుచుకుని పడుకున్నారు. వెంట ఉన్న పన్నెండేళ్ళ కొడుక్కీ, ఫానీకీ డిఫ్తీరియా తగిలితే కొన్నాళ్ళు కిందికి దిగి, మళ్ళీ పైకెక్కారు. మనం ఒక్క రాత్రి గుడారంలో పడుకుని నడుం నొప్పి అంటాం!

ఆ వేసవి గురించి స్టీవెన్సన్ 'ది సిల్వరాడో స్క్వాటర్స్' అనే పుస్తకం రాశాడు. అందులో కొండ కింద జేకబ్ ష్రామ్ ద్రాక్షతోటకి వెళ్ళిన ముచ్చట ఉంది. మగవాళ్ళిద్దరూ సెల్లార్లో వైన్ రుచి చూస్తుంటే, ష్రామ్ గారి భార్య ఫానీని వరండాలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాత్రం పుస్తకంలో లేదు.

ఇక ఆ రాతి పుస్తకం. దాన్ని 1911లో పెట్టించింది నాపా జిల్లా మహిళా క్లబ్బులవాళ్ళు. ఇక్కడ స్టీవెన్సన్, అతని పెళ్ళికూతురు ఉన్నారని ఆ రాతి మీద ఉంది. పెళ్ళికూతురి పేరు లేదు. అప్పటికి ఫానీ బతికే ఉంది, వయసు 71. పెట్టించినవాళ్ళు ఆడవాళ్ళే. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కోడలు అని పెళ్ళి శుభలేఖల్లో మనమే ఎన్నిసార్లు రాయలేదు?

నాలుగో ఆవిడ పక్కనున్న సొనోమా లోయలో, గ్లెన్ ఎలెన్ ఊరి పైన ఉన్న జాక్ లండన్ స్టేట్ హిస్టారిక్ పార్కులో కనిపిస్తుంది. రచయిత జాక్ లండన్ అక్కడ 1905 నుంచి కొంచెం కొంచెంగా భూమి కొని సేద్యం చేశాడు. భార్య ఛార్మియన్ అతని రాతప్రతులు టైపు చేసింది, దిద్దింది, చిన్న పడవలో పసిఫిక్ సముద్రం మీద అతనితో తిరిగింది. 1910లో పుట్టిన కూతురు రెండు రోజులైనా బతకలేదు. 1913 ఆగస్టులో, గృహప్రవేశానికి కొద్ది రోజుల ముందు, ముచ్చటపడి కట్టుకున్న వుల్ఫ్ హౌస్ ఒక్క రాత్రిలో కాలిపోయింది. 1916లో నలభై ఏళ్ళకే జాక్ పోయాడు.

ఛార్మియన్ అక్కణ్ణుంచి కదల్లేదు. 1919లో మొదలుపెట్టి అలాంటి రాతితోనే, చిన్నగా ఒక ఇల్లు కట్టుకుంది. హౌస్ ఆఫ్ హ్యాపీ వాల్స్ అని పేరు పెట్టింది. 1955లో చనిపోయేముందు ఆ ఇంటిని భర్త జ్ఞాపకార్థం మ్యూజియంగా ఉంచమని కోరింది. ఆ తర్వాత నాలుగేళ్ళకి అది పార్కు అయింది. ఈరోజు మనం టిక్కెట్టు కొని, ఆవిడ ఇంట్లో ఆయన వస్తువులు చూసి, అడవిదారిలో అర మైలు పైగా నడిచి వుల్ఫ్ హౌస్ మొండిగోడల దగ్గరికి వెళ్తాం. దారిలో భార్యాభర్తలిద్దరి అస్థికల మీదా ఒకటే బండరాయి ఉంటుంది.

ఈ పార్కులు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న భరోసా కూడా లేదు. 2011లో డబ్బుల్లేవని కాలిఫోర్నియా ప్రభుత్వం మూసేస్తానన్న 70 పార్కుల్లో బోతీ, పిండిమర, జాక్ లండన్, షుగర్‌లోఫ్ అన్నీ ఉన్నాయి. మరుసటి ఏడాది స్థానిక సంస్థలు, వాలంటీర్లు ముందుకొచ్చి వాటి నిర్వహణ తలకెత్తుకున్నారు కాబట్టే తెరిచి ఉన్నాయి. క్యాంపింగ్‌కీ, రాత్రిపూట నక్షత్రాలు చూడడానికీ బాగుండే షుగర్‌లోఫ్ రిడ్జ్ పార్కు 2017లో ఒకసారి, 2020లో మరోసారి కార్చిచ్చులో చాలా మేరకు కాలింది. మళ్ళీ చిగురించింది.

వెళ్ళాలనుకుంటే మార్చి నుంచి మే దాకా బాగుంటుంది, కొండలు పచ్చగా, పూలతో ఉంటాయి. క్యాంపుకి చోటు ముందే బుక్ చేసుకోండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్‌ని పిల్లలకి ముందే చూపించండి, తగిలితే వారం పాటు దురదే. ఎండాకాలంలో నిప్పు మీద ఆంక్షలుంటాయి కాబట్టి పులిహోర, పెరుగన్నం, పచ్చడి ఇంటి దగ్గరే కలిపి తీసుకెళ్ళడం మేలు.

రాతి పుస్తకం దగ్గర ఆగినప్పుడు పిల్లలు "ఆ పెళ్ళికూతురెవరు?" అని అడుగుతారు. ఫానీ అని చెప్పండి. అలాగే మీ ఇంట్లో పసుపు కుంకుమ కింద వచ్చిన చేనో, ఇల్లో ఏదైనా ఉంటే, ఇప్పుడది ఎవరి పేరుతో పిలవబడుతోందో ఒకసారి అడగండి. అది ఎవరు తెచ్చుకున్నదో చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.