మడమ గుంటల్లో సూది

చైనాలో కాలి నొప్పులకు చేసిన నాడీమార్గ చికిత్స సూదితో మొదలైనట్టు కనబడదు. హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయిలో క్రీ.పూ. 168లో మూసిన సమాధి నుంచి 1973లో బయటపడిన పట్టు వ్రాతప్రతులు దేహంలో సాగే పదకొండు నాడీమార్గాలను వర్ణిస్తూ, అందులో ఒకటి వెలుపలి చీలమండ గుంటలో పైకి తేలి కాలి వెనుక భాగాన సాగుతుందని చెబుతాయి. అయితే ఆ మార్గంలో బాధ పుడితే దానిపై నిప్పుసెగ తగిలించమన్నాయే గాని సూది మాట ఎత్తలేదు. ఆ సెగకు తర్వాత స్థిరపడిన మూలిక, మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతిదే.

హాన్ వంశకాలంలో రూపుదిద్దుకున్న 'లింగ్‌షు' గ్రంథం తొమ్మిది రకాల సూదులను పేర్కొంది. వాటిలో దోమ తొండమంత సన్నని మొన గలదే నేటి ఆక్యుపంక్చర్ సూదికి మాతృక. లోపలి చీలమండకు వెనుక, మడమ ఎముకకు పైన వేలికి తగిలే పల్లాన్ని ఆ గ్రంథం 'తైషీ' అన్న బిందువుగా గుర్తించింది. మూడవ శతాబ్దంలో వైద్య గ్రంథకర్త హ్వాంగ్‌ఫూ మీ 349 బిందువులను క్రోడీకరిస్తూ, ఈ చోట సూది ఎంత లోతు దిగాలో, ఎంతసేపు (ఏడు శ్వాసల సేపు) నిలిపి ఉంచాలో, మూలిక ముద్దలు ఎన్ని కాల్చాలో కూడా నిర్దేశించాడు. ఊపిరినే కొలమానంగా తీసుకున్న ఈ వివరంలో, సిద్ధాంతం కన్నా గట్టిదైన చేతి అనుభవం పలుకుతుంది.

ఆ అనుభవాన్ని అందరికీ ఒకే తీరుగా నేర్పడానికి సోంగ్ వంశపు ఆస్థానంలో వైద్యుడు వాంగ్ వేయీ 1027 నాటికి కంచు మనిషి బొమ్మలు పోయించాడు. బొమ్మకు మైనం పూసి లోపల ద్రవం నింపితే, విద్యార్థి గుచ్చిన సూది సరైన బిందువు వద్ద ఉన్న రంధ్రాన్ని తాకినప్పుడే ద్రవం బయటికి వచ్చేదని చెబుతారు. ఇంతటి ఆదరణ పొందిన విద్యను 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి ఆస్థాన వైద్యశాల నుంచి తొలగించాడు. ప్రభువు దేహానికి ఇది తగదన్నదే కారణం. ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో కమ్యూనిస్టు ప్రభుత్వం దానికి మళ్ళీ ప్రోత్సాహమిచ్చింది.

సూదిని మడమ నొప్పికి నేటి పరిశోధకులూ పరీక్షించారు. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా సాగే దళసరి పొర దెబ్బతినడం వల్ల కలిగే నొప్పిని నేటి వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. ఆస్ట్రేలియాలో ఈ నొప్పి ఉన్న 84 మందిపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, నాడీమార్గాలను పక్కనపెట్టి కండరాల్లో నొక్కితే నొప్పెట్టే ముడులకు సూది వేసినప్పుడు, ఉత్తుత్తి సూది కంటే ఉపశమనం కొంత ఎక్కువగా కనిపించింది. గుచ్చిన చోట తాత్కాలిక నొప్పి కూడా అసలు సూది పొందినవారిలోనే ఎక్కువ.