చెరువు బాగుపడటం వేరు, చెరువు నిలవడం వేరు

2015 మార్చి 12న కామారెడ్డి ప్రాంతంలోని సదాశివనగర్ చెరువులో పలుగు దించి తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది. వాటిలో ఆరోది నీటి గురించి. చెరువులు, సరస్సుల వంటి జలవనరులను కాపాడి పునరుద్ధరించాలని అందులోని 6.6 అంశం చెబుతుంది. నీటి నిర్వహణలో స్థానికుల భాగస్వామ్యాన్ని బలపరచాలని 6.బి చెబుతుంది. మన నీటిపారుదల శాఖ ప్రగతిని తూచేటప్పుడు మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంటున్నాం. రాష్ట్రంలో 46,531 చెరువులున్నాయని గుర్తించారు, నాలుగు విడతల్లో 27 వేలకు పైగా చెరువుల పనులు చేపట్టారు. ఇది చిన్న పని కాదు. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకోవడం ఏ కాంట్రాక్టరూ చేయించలేని పని. అయినా తెలుగు నేల మీద చెరువుల చరిత్ర చూస్తే తేలేది ఒక్కటే. మరమ్మతు ఒక్కటే చెరువును నిలబెట్టిన దాఖలా లేదు. తన ఆలనాపాలనకు కావలసిన ఆదాయం, తన బాధ్యత మోసే మనిషి ఉన్న చెరువే నిలిచింది. శాఖ ప్రగతిని కొలవాల్సింది కూడా దానితోనే.

చెరువు తవ్వించడాన్ని పూర్వం పుణ్యకార్యంగా మాత్రమే చూడలేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడి చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు రెండేళ్లు పనిచేసిన సంగతి అందులో చెక్కించాడు. అంతకన్నా విలువైనది మరొకటుంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, చెరువుకు పట్టే 6 దోషాలు ఆ శాసనం వరుసగా చెబుతుంది. కొండల నడుమ గట్టి రాతికట్ట, గట్టి నేల, తియ్యటి నీటి ఏరు, దగ్గర్లో రాతిగని, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పనితెలిసిన మనుషులు అంగాల్లోవి. కట్టలో నీరు ఊరడం, చౌడునేల, నీరు తక్కువై సాగునేల ఎక్కువవడం, నేల తక్కువై నీరు ఎక్కువవడం దోషాల్లోవి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం కూడా దోషమే. చెరువు మీద పెత్తనం రెండుగా చీలితే అది బతకదని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద రాసిపెట్టారు. అంతకుముందే ఓరుగల్లు సీమలో కాకతీయుల కాలంలో రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు వెలిశాయి. నేటికీ వాటి కింద పొలాలు పారుతున్నాయి.

కట్టినవాళ్ల పేర్లు శాసనాల్లో మిగిలాయి. వందల ఏళ్లు కాపాడినవాళ్ల ఏర్పాటు ఇనాముల్లో దొరుకుతుంది. రాయలసీమలో దశబంధం అనే పద్ధతి ఉండేది. చెరువు తవ్వించినవాడికో, మరమ్మతు చూసుకునేవాడికో దాని కింద కొంత భూమిని గానీ, పంటలో పదో వంతు వంటి భాగాన్ని గానీ ఇచ్చేవారు. చెరువు నిండితేనే అతని పంట పండుతుంది, కట్ట తెగితే అతని పొలమూ మునుగుతుంది. రోజువారీ నీటి పంపకం తెలంగాణలో నీరటిది, సీమలో నీరుగంటిది. పాత చెరువుల్లో తూము దగ్గర నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెట్టి, వాటిని అడ్డబండలతో కలిపేవారు. బండలకున్న రంధ్రాల గుండా పొడవాటి కర్ర దిగేది, ఆ కర్ర చివర కొయ్య బిరడా కింది రంధ్రాన్ని మూసేది. నీరటి నీళ్లలోకి దిగి ఆ కర్రను ఎంత ఎత్తాడన్నదే ఆ పూట ఆయకట్టు భాగ్యం. నీరు తక్కువైన ఏడు ఏ మడులకు పారించాలో, ఏవి బీడు ఉంచాలో ఊరు కూర్చుని తేల్చేది, దాన్ని అమలు చేసేది ఆయన. ఆయన కూలి కళ్లంలో ధాన్యంగా ముట్టేది. చెరువు నుంచి వచ్చినదాంట్లో కొంత తిరిగి చెరువుకే చేరేది.

ఈ ముడి బ్రిటిష్ పాలనలో సడలింది. శిస్తు మొత్తం ఖజానాకు చేరింది, మరమ్మతు మాత్రం ఊరి మీదే మిగిలింది. 1858లో మద్రాసు ప్రభుత్వం కుడిమరామత్తుకు, అంటే ఊరివాళ్లే కలిసి చేసే మరమ్మతు పనికి, నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఆచారంగా సాగిన పనికి చట్టం అవసరమైందంటేనే ఆచారం తెగిందని అర్థం. 1876-78 నాటి కరవు సీమను నలిపేశాక, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. అంటే చెరువులు పూడిపోయాయని సర్కారు గుర్తించడం, పథకం పెట్టడం 2015లో కొత్తగా జరిగింది కాదు. నైజాంలో 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది, స్వాతంత్ర్యం వచ్చాక నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్ వచ్చాయి. ఇంజినీర్ల చూపు, బడ్జెట్టు పెద్ద ఆనకట్టలవైపు మళ్లాయి. 1950ల్లో ఇనాములు రద్దయ్యాయి, న్యాయంగానే రద్దయ్యాయి. కానీ ఆ ఇనాము చేసిన మరమ్మతు పనికి మరో ఏర్పాటు రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం వంద ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువు పంచాయతీరాజ్ శాఖది, అంతకు మించినది నీటిపారుదల శాఖది, శిఖం భూమి రెవెన్యూది, చేపలు మత్స్యశాఖవి. పోరుమామిళ్ల శాసనం దోషమన్న పొలిమేర చెరువును మనం ఊరూరా తయారుచేసుకున్నాం. ఐదు దశాబ్దాల్లో చెరువుల కింద సాగు దాదాపు సగానికి పడిపోయింది.

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. పాత పద్ధతి కులం మీద, వెట్టి మీద నిలిచిందన్నది మొదటిది. నిజమే. చాలా ఊళ్లలో నీరటి దళితుడు. నీళ్లు పంచినవాడికే సెంటు తరి లేకపోవడం మన చరిత్రలోని అన్యాయం. కాబట్టి పాత రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరకూడదు. అయితే అందులో విడదీసి తీసుకోదగ్గ సూత్రం ఒకటుంది: చెరువు ఆదాయంలో వాటా చెరువుకు దక్కాలి, కావలి మనిషికి జీతం ఉండాలి. దీనికి కులమూ అక్కర్లేదు, వెట్టీ అక్కర్లేదు. బోర్లు వచ్చాక చెరువుతో పనేమిటన్నది రెండోది. ఈ రాతినేలలో బోరుకు నీరు వర్షం నుంచే రావాలి. ఆ వర్షాన్ని ఆపి భూమిలోకి దింపేది చెరువే. చెరువు ఎండితే దాని కింది బావులు, బోర్లు ముందు దెబ్బతింటాయి.

మూడో అభ్యంతరం అన్నింటికన్నా బలమైనది. 1997లో రైతుల నీటి యాజమాన్య చట్టం చేసి పదివేలకు పైగా నీటి సంఘాలు పెట్టలేదా, అవి నిలిచాయా అని అడుగుతారు. నిలవలేదు. కానీ ఎందుకు నిలవలేదో చూడాలి. నీటి తీరువా వసూలు రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండిపోయింది, సంఘానికి రావలసిన వాటా సకాలంలో రాలేదు, ఎన్నికలు గడువుకు జరగలేదు. బాధ్యత అప్పగించి సంచి మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. 1858 చట్టం చేసిన తప్పూ ఇదే. కాబట్టి నీటి సంఘాల వైఫల్యం ఈ వాదనను కొట్టేయదు, రుజువు చేస్తుంది.

ఇకమీదట శాఖ వార్షిక నివేదికలో తీసిన పూడిక, పోసిన కట్ట ఉన్న పట్టిక పక్కనే మరో పట్టిక కూడా ఉండాలి. ఎన్ని చెరువులకు జీతమున్న నీరటి ఉన్నాడు? ఎన్నింటికి సొంత ఖాతా ఉంది, అందులోకి ఏటా ఎంత చేరుతోంది? ఎన్ని కట్టుకాలువలు ఆక్రమణ లేకుండా పారుతున్నాయి? మత్తడి దూకిన ఏడాది తర్వాత కట్టను ఎవరు చూశారు? ఈ ప్రశ్నలకు జవాబు లేనన్నాళ్లూ 6.6 సాధించామని చెప్పుకున్నా, మరో ముప్పై ఏళ్లకు అదే చెరువుకు మరో పథకం పెట్టాల్సి వస్తుంది. మన ఊరు మన చెరువు అన్నది మిషన్ కాకతీయ నినాదం. ఆ మాట నిజం కావాలంటే చెరువు మీద వచ్చే రూపాయిలో ఊరి చెరువుకు హక్కు రాసివ్వాలి, అదీ చట్టంలో రాసివ్వాలి.